చవితి పూట ఇంటికి తాళం వెయ్యకు

పాపకు దేవుణ్ణి మనమే అలవాటు చెయ్యాలా, పెద్దయ్యాక తనే తేల్చుకోనివ్వాలా అని అడిగావు. చెన్నై వచ్చి ఎనిమిది నెలలేగా, ఇలాంటి సందేహాలు ఇప్పుడే వస్తాయిలే. నాకిక్కడ 22 ఏళ్లు.

తెనాలి నుంచి వచ్చిన కొత్తలో నేనూ మా అబ్బాయి గురించి 'వాడే తేల్చుకుంటాడు' అనేదాన్ని. నిజం చెప్పాలంటే అది బద్ధకం. వేళచ్చేరిలో రెండు గదుల ఇల్లు, పలకరించే దిక్కు లేదు, ఎవరొస్తారని పిండివంటలు? వినాయక చవితినాడు తాళం వేసి మెరీనాకి పోయాం. తిరిగొచ్చేసరికి పక్కింటి మామి మా ఐదేళ్లవాడి చేతిలో కొళుక్కట్టై, అదే మన కుడుము, పెట్టింది. వాడు తింటూ, "మనింటికి ఎవరూ రారేం?" అన్నాడు.

ఆ మాటకి బెదిరిపోయి ఇంకా పెద్ద తప్పు చేశాను. రోజూ పొద్దున్నే లేపి విష్ణు సహస్రనామం, అప్పజెప్పందే ఇడ్లీ లేదు. మూడేళ్లలో మొత్తం నోటికొచ్చింది. పదమూడో ఏట పూజగది గడప తొక్కడం మానేశాడు.

నిలిచిందల్లా చవితి కథే. మట్టి పిళ్ళైయార్ (మన వినాయకుడే), కాగితం గొడుగు, జిల్లేడుపూల దండ బజార్లో కొని, దొరికిన పత్రితో పూజ చేసి, శమంతకమణి కథ చదివేదాన్ని. కృష్ణుడు జాంబవంతుడితో 28 రోజులు పోరాడాడంటే, "అన్నం ఎప్పుడు తిన్నారమ్మా?" అనేవాడు పిడికిట్లో అక్షింతలు బిగించి. తెలుగు రాకపోయినా మామి మనవలూ వచ్చి కూచునేవాళ్లు. ఇప్పుడు వాడు బెంగళూరులో ఉన్నాడు. దేవుణ్ణి నమ్ముతావురా అంటే నవ్వేస్తాడు. చవితికి మాత్రం ఫోన్ చేసి "చదువమ్మా" అంటాడు.

బడిలో మతబోధ గురించీ అడిగావు. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో మతబోధకి పిల్లల్ని కూచోబెట్టాలంటే పెద్దల ఒప్పుదల కావాలని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. మిగతాది చూసుకో.

మీ ఆయన నమ్మడంటావు, నమ్మకపోతే పోనీ, అక్షింతలు కలపమను. ఉగాదికి ఇక్కడా సర్కారు సెలవే, ఆ పూట ముగ్గురే కూచుని పచ్చడి నాకకండి. ఏప్రిల్ 14న పుత్తాండుకి, అంటే తమిళ సంవత్సరాదికి, వీళ్లూ మామిడికాయ, బెల్లం, వేప్పువ్వు కలుపుతారు. గిన్నె పట్టుకెళ్లి తలుపు కొట్టు, వాళ్ల పండక్కి గిన్నె తిరిగొస్తుంది. మొహమాటమైతే పాపను తీసుకుని మా ఇంటికే రండి. పాతిక బూరెలు వండి ఇద్దరమే చూస్తూ కూచుంటున్నాం.