డెన్సిటీ 'పర్వాలేదు' అన్నారు.. మరి చెయ్యి ఎందుకు విరిగింది?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. మూడు నెలల కిందట వరండాలో తడి మీద జారిపడితే కుడి మణికట్టు విరిగింది. ఎముకల డెన్సిటీ చూసే డెక్సా స్కాన్‌లో టీ స్కోరు (పడుచు వయసు ఎముకలతో పోల్చి చెప్పే లెక్క) వెన్నులో మైనస్ 0.9, తుంటిలో మైనస్ 2.0 వచ్చింది. 'ఆస్టియోపీనియానే (ఎముక కాస్త పలచబడటం), కాల్షియం వాడండి చాలు' అన్నారు. 14 ఏళ్లుగా షుగర్ ఉంది. మా అమ్మ తుంటి విరిగి మంచాన పడింది. నాకూ అంతేనేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకేమైనా పరీక్షలున్నాయా?

డాక్టర్ సలహా: అమ్మా, ముందు స్కోరు సంగతి పక్కన పెడదాం. నిలబడ్డ మనిషి కింద పడితేనే మణికట్టు విరిగిందంటే ఎముక పెళుసుబారిందని అనుమానించాల్సిందే. టీ స్కోరు మైనస్ 2.5కి దిగితేనే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం అంటారు, నిజమే. కానీ ఎముకలు విరిగి మా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామందికి స్కోరు అంతకంటే మెరుగ్గానే ఉంటుంది.

వెన్ను స్కోరు చూసి మురిసిపోకండి. ఈ వయసులో నడుము పూసలు అరిగి, అంచుల్లో ముళ్లలా ఎముక పెరుగుతుంది. స్కాన్ దాన్నీ కలిపి లెక్కేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లతో మరో చిక్కు: డెన్సిటీ బాగానే కనబడుతుంది, లోపలి అల్లిక మాత్రం దెబ్బతిని ఉంటుంది. ఆ అల్లికను అంచనా వేసేదే ట్రాబెక్యులర్ బోన్ స్కోర్, టీబీఎస్. తీసిన వెన్ను డెక్సా నుంచే సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది, వేరే రేడియేషన్ ఉండదు. అన్ని సెంటర్లలో లేదు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. మడమ మీద మెషీన్ పెట్టి చూసే ఉచిత క్యాంపుల రిపోర్టుతో మాత్రం ఏదీ తేల్చుకోవద్దు.

రెండోది ఫ్రాక్స్ అనే రిస్కు లెక్క. వయసు, ఎత్తు, బరువు, పాత ఫ్రాక్చరు, తల్లిదండ్రుల తుంటి ఫ్రాక్చరు, స్టెరాయిడ్ వాడకం వంటివి వేస్తే వచ్చే పదేళ్లలో ఎముక విరిగే అవకాశం ఎంతో చెబుతుంది. భారతీయులకు విడిగా లెక్క ఉంది. అయితే టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు ఇది రిస్కు తక్కువ చూపిస్తుంది, డాక్టరు ఆ సంగతి గుర్తు పెట్టుకుని చూడాలి. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఎవరైనా ఇచ్చిన పొట్లాలు వాడారా? వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ కలుపుతారు. మొహమాటపడకుండా చెప్పండి.

ఒకప్పుడు అందిన అటక మీది పచ్చడి జాడీకి ఇప్పుడు స్టూలు కావాల్సి వస్తోందా? గోడకు ఆనుకుని ఎత్తు కొలిపించుకోండి. వయసులో ఉన్నప్పటికంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గితే పక్క నుంచి వెన్ను ఎక్స్‌రే తీయాలి. పూస నలిగినా చాలాసార్లు నొప్పి తెలియదు, నడుం నొప్పేలే అని సరిపెట్టుకుంటాం. నలిగిన పూస కనబడితే స్కోరు ఎంతున్నా మందు మొదలుపెట్టాల్సిందే.

రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, క్రియాటినిన్, థైరాయిడ్, అవసరమైతే పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) చూపించండి. మన బెజవాడ, గుంటూరు ఎండల్లో ఉంటూ కూడా డి తక్కువ ఉన్నవాళ్లు కోకొల్లలు, నీడ పట్టున ఉంటాం కదా! వారానికో మాత్ర, ఏడాదికో ఇంజెక్షన్ లాంటి ఎముక మందులు రాసే ముందు కిడ్నీలు, విటమిన్ డి చూడక తప్పదు. నా ఉద్దేశంలో మీకు కాల్షియం ఒక్కటే సరిపోదు.

పడకుండా ఉండటం ఇంకో సగం. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోండి, పక్కన ఎవరినైనా ఉంచుకుని. 12 సెకన్లు, అంతకు మించి పడితే ఫిజియోథెరపిస్టును కలవాలి. రాత్రిళ్లు షుగర్ పడిపోతోందా, కళ్లు మసకలా, పాదాలు తిమ్మిర్లా అనేవీ చూపించుకోండి.

ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి వెళ్లేటప్పుడు డెక్సా కాగితం ఒక్కటే కాదు, సీడీ, మణికట్టు ఎక్స్‌రే, వాడుతున్న మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి.