నోట్లో పాదరసం సంగతి సరే.. ఆ నొప్పి మాత్రల మాటేమిటి?

ప్రశ్న: నా వయసు 29. మాది ఖమ్మం దగ్గర పల్లె. ఇప్పుడు 22 వారాల గర్భిణిని. డిగ్రీ చదివే రోజుల్లో కింది దవడలో మూడు పళ్లకు వెండి సిమెంట్ పెట్టించుకున్నాను. అందులో సగం పాదరసమేనని, అది కడుపులో బిడ్డకు చేరుతుందని ఈ మధ్య ఓ వీడియోలో చూశాను. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. మూడూ తీయించేసి పంటి రంగు సిమెంట్ పెట్టించుకోవాలా? ఒంట్లోని పాదరసాన్ని బయటికి పంపే డీటాక్స్ చుక్కలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, వాడొచ్చా? సిమెంట్ పెట్టించుకున్న వాటిలో కుడివైపు పన్ను మూడు వారాలుగా రాత్రిళ్లు సలుపుతోంది. లవంగ నూనెతో, మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలతో నెట్టుకొస్తున్నాను.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు అడిగిందంతా పాదరసం గురించే. నాకు కంగారు పుట్టించింది మాత్రం ఆ చివరి రెండు వాక్యాలు. ముందు వాటి సంగతి చూద్దాం.

మాత్రల పేరు మీరు రాయలేదు. పంటి నొప్పి అనగానే షాపుల్లో చేతిలో పెట్టేవి సాధారణంగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకాలు. గర్భం 20 వారాలు దాటాక ఈ రకం మందులు వద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది. వీటివల్ల బిడ్డ కిడ్నీల పనితీరు మందగించి ఉమ్మనీరు తగ్గే అవకాశం ఉంది. వేసుకున్న ప్రతివారికీ అలా జరుగుతుందని కాదు, హడలిపోకండి. కానీ ఈ రోజే ఆపేయండి. ఆ షీటు పట్టుకుని మీ గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లి, ఎన్ని వేసుకున్నారో దాచకుండా చెప్పండి. అవసరమనిపిస్తే స్కాన్‌లో ఉమ్మనీరు చూస్తారు. అప్పటిదాకా నొప్పికి పారాసెటమాల్ ఒక్కటే, అది కూడా డాక్టరు చెప్పిన మోతాదులోనే.

ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. షాపులో గర్భిణినని చెప్పారా? చాలామంది చెప్పరు. అసలు వాళ్లు వెళ్లనే వెళ్లరు, ఇంట్లో ఎవరినో పంపుతారు. ఆయన కౌంటర్ దగ్గర నిలబడి ‘పన్ను నొప్పికి ఏదైనా ఇవ్వండి’ అంటాడు. ఆ మాత్ర మింగేది ఎవరో అవతలివాళ్లకు ఎలా తెలుస్తుంది? దాంతోపాటు యాంటీబయాటిక్ ఏదైనా ఇచ్చారేమో కూడా చూడండి. టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్ రకాలను గర్భిణులకు సాధారణంగా ఇవ్వం. అవి పుట్టబోయే బిడ్డ పాలపళ్ల రంగు మార్చగలవు. వారానికి ఇద్దరు ముగ్గురికైనా ఇదంతా చెబుతూనే ఉంటాను. నొప్పి తగ్గిందంటే పన్ను బాగుపడిందనుకుంటారు. మాత్ర నొప్పిని తగ్గిస్తుందే తప్ప లోపల పుచ్చు ఆగదు.

లవంగ నూనె కూడా అంతే. దూది ముంచి పంటి సందులో కుక్కుకుని పడుకుంటారు. తెల్లారేసరికి పక్కనున్న చిగురు కాలి తెల్లగా పొర లేచి ఉంటుంది. అప్పుడు పంటికి తోడు చిగురు నొప్పి.

నోరు చూడకుండా, ఎక్స్‌రే లేకుండా నేను ఖాయంగా చెప్పలేను. రాత్రిళ్లు సలుపుతోందంటే మాత్రం ఆ సిమెంట్ అంచున సందు పడి, కింద మళ్లీ పుచ్చు మొదలై నరం దాకా వెళ్లిందేమోనని అనుమానం. లేదా పన్ను బీటవారి ఉండొచ్చు. పాత వెండి సిమెంట్ అంచు మీద మేం సన్నటి కొక్కెం లాంటి పరికరంతో గీసి చూస్తాం. అది ఎక్కడైనా చిక్కుకుంటే అనుమానించాల్సిందే. రూట్ కెనాల్ అవసరం పడొచ్చు. కడుపుతో ఉన్నప్పుడు పంటి వైద్యం చేయించుకోకూడదన్నది మన ఇళ్లలో పెద్దవాళ్ల మాట. నిజానికి నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కాలమే అందుకు అనువైనది. మీరు ఇప్పుడు సరిగ్గా అందులోనే ఉన్నారు. లిగ్నోకెయిన్ మత్తు ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. తప్పదనుకుంటే రక్షణ కవచం కప్పి ఆ ఒక్క పంటికి ఎక్స్‌రే తీస్తారు. కుర్చీలో పూర్తిగా వెల్లకిలా కాకుండా, కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టించుకుని కాస్త ఎడమకు ఒరగండి. ఎనిమిదో నెల దాకా లాగితే ఆ కుర్చీలో కూర్చోవడమే మీకు కష్టం.

ఇక పాదరసం. వీడియోలో చెప్పిన సగం లెక్క నిజమే. వెండి సిమెంట్ బరువులో దాదాపు సగం పాదరసమే. మిగతాది వెండి, తగరం, రాగి. ఇవన్నీ కలిసి గట్టి లోహంగా మారిపోతాయి. నమిలినప్పుడు, పళ్లు కొరికినప్పుడు చాలా కొద్దిగా ఆవిరి వస్తుంది. ఆ మోతాదుతో మామూలు మనుషులకు జబ్బు చేస్తుందని ఇప్పటిదాకా గట్టి ఆధారం లేదు. అయినా జాగ్రత్తగా, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఆరేళ్లలోపు పిల్లలకు, కిడ్నీ, నరాల జబ్బులున్నవారికి కొత్తగా ఇది పెట్టకపోవడమే మంచిదని ఎఫ్‌డీఏ 2020లోనే చెప్పింది. బాగున్న పాతవాటిని తీయించుకోవద్దని కూడా అదే ప్రకటనలో ఉంది. వీడియోల్లో ఆ రెండో ముక్క వినపడదు. ఎందుకు వద్దంటే, డ్రిల్లుతో కోసేటప్పుడే ఆవిరి ఎక్కువగా లేస్తుంది. బిడ్డ కోసమని తీయించుకోబోయి బిడ్డకే ఎక్కువ పంపినట్లవుతుంది.

యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2025 జనవరి నుంచి దీన్ని దాదాపు ఆపేశారు కదా అని అడుగుతారేమో. అక్కడ ప్రధానమైన బెంగ నీళ్లు, గాలి, చేపల గురించి. క్లినిక్‌ల నుంచి మురుగులో కలిసే పాదరసం గురించి. ఆ మాటకొస్తే ఎక్కువ ప్రమాదంలో పడింది మా డెంటిస్టులే. వెనకటి తరం వాళ్లు పొడిని, పాదరసాన్ని చిన్న రోట్లో నూరి, మిగిలినదాన్ని గుడ్డలో వేసి పిండేవాళ్లు. ఇప్పుడు మూసిన క్యాప్సూల్స్ వచ్చాయి.

కాబట్టి నొప్పిలేని ఆ రెండు పళ్ల జోలికి ఇప్పుడు వెళ్లొద్దు. కాన్పు అయి, పాలు మాన్పించాక చెకప్‌లో చూపించుకోండి. అంచులు బాగుంటే అప్పుడూ అవసరం ఉండకపోవచ్చు. కుడివైపు పంటికి మాత్రం, వైద్యంలో భాగంగా పాత సిమెంట్ తీయాల్సి వస్తే రబ్బర్ డ్యామ్ (పంటి చుట్టూ బిగించే పల్చటి రబ్బరు తెర) వేసి, బాగా నీళ్లు కొడుతూ, బలమైన సక్షన్‌తో పెద్ద ముక్కలుగా తీయమని ముందే అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

ఆ డీటాక్స్ చుక్కలు వద్దు. సీసాలో ఏముందో తెలియనిది కడుపుతో ఉన్నప్పుడు తాగకూడదు. ఒంట్లోంచి పాదరసం తీసే మందులు వేరే ఉన్నాయి. అవి నిజంగా విషం ఎక్కినవాళ్లకు ఆసుపత్రిలో ఇస్తారు.

ఎల్లుండిలోగా డెంటిస్టును కలవండి. ఈలోగా దవడ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా ఎల్లుండి దాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లి, గర్భిణినని మొదటి మాటగా చెప్పండి.