ఛార్జి అంటే డబ్బేనా?

ఈ వారం ఉత్తరాల్లో నాలుగు ఒకే మాట పట్టుకుని వచ్చాయి. మిగతావి వచ్చే వారం చూద్దాం.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటి లోను కాగితాల్లో ఇంటి మీద బ్యాంకుకు ‘ఛార్జ్’ ఉంటుందని రాశారు. ప్రాసెసింగ్ ఫీజు ముందే కట్టేశాం. ఇంకా ఏం కట్టాలండీ? – ఒక గృహిణి, తణుకు

జవాబు: ఆ మాటకైతే ఏమీ కట్టక్కర్లేదమ్మా. బస్సు ఛార్జీ, కొరియర్ ఛార్జీ అని రోజూ వింటాం కాబట్టి, ఛార్జ్ అనగానే చెయ్యి పర్సు మీదికి పోతుంది. మీ కాగితంలో ఉన్నది వేరు. బాకీ తీరేదాకా ఆ ఇంటి మీద బ్యాంకుకుండే హక్కు అది. లాటిన్‌లో ‘కార్రుస్’ అంటే బండి. బండికెత్తిన బరువు దగ్గర మొదలైన మాట ఇది. కార్గో కూడా దీని చుట్టమే. ఇక్కడ ఆ బరువు మీ ఇంటి మీద పడిందన్నమాట.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం నూరో సెక్షన్‌లో దీని సంగతి ఉంది. తనఖా పెడితే ఆస్తిలో కొంత హక్కు అప్పిచ్చినవాడికి బదిలీ అవుతుంది. ఛార్జ్‌లో ఆ బదిలీ ఉండదు, బాకీకి ఆస్తి పూచీగా నిలుస్తుంది, అంతే. ఇంటి లోన్లకు బ్యాంకులు మామూలుగా దస్తావేజులు తమ దగ్గర ఉంచుకుని తనఖాయే తీసుకుంటాయి. కానీ మాటల్లోనూ ఫారాల్లోనూ రెండింటినీ కలిపి ఛార్జ్ అనేస్తారు.

మీకు అసలు పని పడేది లోను తీరాక. రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఒక ఆదేశం ఇచ్చింది. బాకీ మొత్తం తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు తిరిగి ఇవ్వాలి, రిజిస్ట్రీల్లో ఎక్కించిన ఛార్జ్‌ను కూడా తీసేయించాలి. బ్యాంకు వైపు నుంచి ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకే ఇవ్వాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. చాలామంది దస్తావేజులు బీరువాలో పెట్టేసి నిశ్చింతగా ఉంటారు. తర్వాత ఇల్లు అమ్మబోతే కొనేవాళ్ల లాయరు ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, బాకీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి, పాత లోను ఇంకా కనబడుతోందంటాడు. ఆ ఈసీ మీరే ముందుగా తీయించి చూసుకోండి.

ప్రశ్న: మా తహసీల్దారు గారు బదిలీ అయ్యారు. పక్క మండలం ఆయనకు ఎఫ్‌ఏసీ ఇచ్చారు. ‘రికార్డ్స్ ఆర్ ఇన్ ఛార్జ్ ఆఫ్ ద క్లర్క్’ అని నేను రాసిన లెటర్‌కు పైఆఫీసు నుంచి కొర్రీ వచ్చింది. తప్పేమిటి? – జూనియర్ అసిస్టెంటు, కరీంనగర్ జిల్లా

జవాబు: తమ్ముడూ, ఒక్క ‘ద’ మింగేశావు. ‘ఇన్ ఛార్జ్ ఆఫ్’ అంటే పెత్తనం చేసేవాడు, ‘ఇన్ ద ఛార్జ్ ఆఫ్’ అంటే ఒకరి చేతికింద ఉన్నది. నువ్వు రాసినదాని ప్రకారం రికార్డులే క్లర్కు మీద పెత్తనం చేస్తున్నాయి. నా సర్వీసంతా కలెక్టరేట్‌లోనే గడిచింది కాబట్టి అది పూర్తిగా అబద్ధమని కూడా అనలేను! ‘ద క్లర్క్ ఈజ్ ఇన్ ఛార్జ్ ఆఫ్ ద రికార్డ్స్’ అని తిరగరాసి పంపు.

ఎఫ్‌ఏసీ అంటే ఫుల్ అడిషనల్ ఛార్జ్, సొంత సీటుతో పాటు ఇంకో సీటు బాధ్యత మొత్తం. పనిలో పనిగా సీటీసీ, అంటే సర్టిఫికెట్ ఆఫ్ ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ఛార్జ్, కూడా చూసుకో. ఛార్జ్ అప్పగించినవాళ్లు, తీసుకున్నవాళ్లు ఇద్దరూ సంతకాలు పెట్టే కాగితం అది. తేదీ పక్కన ఎఫ్‌ఎన్ (మధ్యాహ్నానికి ముందు) అని వేశారా, ఏఎన్ (మధ్యాహ్నం తర్వాత) అని వేశారా చూడు. ఆ రోజు జీతం ఏ ఆఫీసులో రావాలన్న తగాదా మొదలయ్యేది అక్కడే.

ప్రశ్న: ఛార్జిషీటు వేశారంటే నేరం రుజువైనట్లేనా? ‘ఛార్జ్‌డ్ ఫర్ థెఫ్ట్’ అని రాస్తే మా సార్ కొట్టేశారు. – డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: రుజువుకు ఇంకా చాలా దూరం ఉంది. దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టుకిచ్చేది ఛార్జిషీటు. చట్టంలో దాని పేరు పోలీసు రిపోర్టు. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 173వ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 193. అసలు ఛార్జ్ మోపేది ఆ తర్వాత, కోర్టు. ఆ దశలోనే కేసులో పస లేదని తేలితే నిందితుణ్ణి డిశ్చార్జ్ చేస్తారు. విచారణంతా జరిగాక నిర్దోషి అంటే అది అక్విటల్. పేపర్లలో ఈ రెండింటినీ ‘కేసు కొట్టేశారు’ అని కలిపి రాస్తే నాకు చిరాకు.

మీ సార్ కొట్టేయడం సబబే. నేరానికి ‘విత్’, డబ్బుకు ‘ఫర్’. ‘ఛార్జ్‌డ్ విత్ థెఫ్ట్’ అంటే దొంగతనం నేరం మోపారని. హోటల్లో ‘ఛార్జ్‌డ్ ఫర్ వాటర్’ అంటే నీళ్లకు బిల్లు వేశారని.

ప్రశ్న: ఆఫీసులో ‘మై ఫోన్ ఛార్జింగ్ ఈజ్ ఓవర్’ అన్నాను. ‘అయితే ప్లగ్ తీసేయ్’ అన్నాడు అమెరికన్ కొలీగ్. – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఆయన తప్పేం లేదు బాబూ. ఇంగ్లిషులో ఛార్జింగ్ అంటే ఎక్కించే పని. అది ‘ఓవర్’ అంటే ఫోన్ నిండిందని ఆయన అనుకున్నాడు. ‘మై ఫోన్ ఈజ్ డెడ్’ అనో, ‘ఐయామ్ అవుట్ ఆఫ్ బ్యాటరీ’ అనో అనండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ‘ఛార్జింగ్ అయిపోయిందమ్మా, మళ్లీ చేస్తా’ అనే చెప్పండి. అమ్మకు అదే అర్థమవుతుంది.