రాత్రి రైలుకి సెయింట్ జాన్ చేరేవారికి బస

ఫ్రాన్స్‌లోని బయోన్ నుంచి చివరి రైలుకి సెయింట్ జాన్ పియే ద పోర్‌లో దిగుతున్నారు, తక్కువ ఖర్చులో మంచం దొరుకుతుందా అని అడిగారు కదా. దొరుకుతుంది. కానీ బుక్ చేసుకోకుండా మాత్రం దిగకండి. స్పెయిన్‌లోని సాంతియాగోకి నడిచి వెళ్లే 'కామినో' యాత్ర దారిలో యాత్రికుల బసలు సాధారణంగా రాత్రి 10కి తలుపులు వేసేస్తాయి. ఆ తర్వాత బెల్ కొట్టినా లేచి తీసేవాళ్లు ఉండరు.

డార్మిటరీ మంచాలుండే ప్రైవేటు బసను 'జీత్' అంటారు. ముందే మెయిల్ పెట్టి, మీ రైలు చేరే టైము రాసి, ఫ్రెంచ్‌లో 'ఆరివే తార్దీవ్', అంటే ఆలస్యంగా వస్తానని చెప్పండి. జవాబు చేతికొచ్చాకే టికెట్ కొనండి. స్టేషన్ నుంచి పాత ఊరికి నడక కొద్దిసేపే. రాళ్లు పరిచిన సితదెల్ వీధి మాత్రం బాగా ఏటవాలు, బ్యాగ్ బరువు అక్కడే తెలుస్తుంది.

నన్నడిగితే ఆ రాత్రి బయోన్‌లోనే పడుకోండి. పెద్ద ఊరు, ఆలస్యమైనా గది దొరుకుతుంది. పొద్దున రైలుకి గంట ప్రయాణం. దిగి, ఆ సితదెల్ వీధిలోనే 39వ నంబర్లో ఉన్న యాత్రికుల ఆఫీసులో, బసల్లో ముద్రలు వేయించుకునే యాత్రికుల పాస్‌పోర్ట్ పుస్తకం తీసుకుని, 8 కిలోమీటర్ల దూరంలో కొండమీద బస ఉన్న ఒరిసన్‌ దాకా నడవండి. అక్కడా మంచాలు తక్కువే, ఈరోజే అడగండి. సరిహద్దు దాటాక స్పెయిన్‌లో వచ్చే రోన్సెస్‌వాయెస్‌కి సెయింట్ జాన్ నుంచి మొత్తం 25 కిలోమీటర్లు, దాదాపు 1,400 మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. నిద్రలేని ఒంటితో ఆ ఎక్కుడు వద్దండీ.