డయాలసిస్ చేయిస్తున్నా ఫాస్ఫరస్ ఎందుకు దిగట్లేదు?

ప్రశ్న: మా వారి వయసు 56 ఏళ్లు. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. మూడు నెలలుగా ఫాస్ఫరస్ 7 దాటే ఉంటోంది. ఒళ్లంతా దురద, రాత్రిళ్లు నిద్ర ఉండట్లేదు. డాక్టరు గారు సెవెలమర్ మాత్రలు రోజుకు మూడు రాశారు. మర్చిపోకుండా ఉంటుందని మూడూ కలిపి పడుకోబోయే ముందు ఇస్తున్నాను. పాలు, పప్పులు, గుడ్లు, మాంసం అన్నీ మానిపించేశాను. మనిషి చిక్కిపోయారు గానీ ఫాస్ఫరస్ మాత్రం దిగట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకేం మానిపించాలి?
ఒక పాఠకురాలు

జవాబు: ఇంకేమీ మానిపించకండమ్మా. ముందు ఆ మాత్రలు ఇచ్చే వేళ మార్చండి.

సెవెలమర్ రక్తంలోకి వెళ్లి పనిచేసే మందు కాదు. పేగుల్లోనే ఉండి, అప్పుడే తిన్న ఆహారంలోని ఫాస్ఫేట్‌ను (తిండిలో, ఒంట్లో ఫాస్ఫరస్ ఉండే రూపం ఇదే) పట్టుకుని మలంతో పాటు బయటకు పంపేస్తుంది. భోజనమై రెండు మూడు గంటలయ్యాక వేస్తే పట్టుకోవడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగలదు. ఆ ఫాస్ఫేట్ చాలావరకు అప్పటికే రక్తంలో చేరిపోయి ఉంటుంది. అంటే ఇన్నాళ్లూ మాత్రలు వేసుకున్నా, వేసుకోనట్టే అయింది. ఇకనుంచి పూటకొకటి చొప్పున, తినడం మొదలుపెట్టగానే ఇవ్వండి. నమలకుండా మింగాలి. ఒక పూట తినకపోతే ఆ పూట మాత్ర అక్కర్లేదు. ఆయన ఒక పూట ఎక్కువ, మరో పూట నామమాత్రంగా తినే మనిషైతే మాత్రల్ని దాన్నిబట్టి సర్దమని మీ డాక్టర్‌ని అడగండి. కొందరికి లాంథనం రాస్తారు, దాన్ని మాత్రం బాగా నమిలి మింగాలి. ఇదే పనికి కాల్షియం మాత్రలు వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఫాస్ఫేట్ సంగతి అటుంచి, కాల్షియమే ఎక్కువగా రక్తంలోకి ఎక్కుతుంది.

డయాలసిస్‌లో పోదా అని మీకు అనిపించవచ్చు. పోతుంది, కానీ సరిపోదు. మామూలు తిండిలో రోజుకు 1000 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటే, అందులో సుమారు 600 ఒంట్లోకి చేరుతుందనుకోండి. వారానికి 4200. నాలుగు గంటల డయాలసిస్ ఒక్కోసారి తీసేది ఇంచుమించు 800, మూడుసార్లకు 2400. మిగిలిందాన్ని మాత్రలూ, తిండి విషయంలో జాగ్రత్తా చూసుకోవాలి. పైగా ఫాస్ఫేట్ ఎక్కువగా ఉండేది రక్తంలో కాదు, ఎముకల్లో, కణాల్లో. అక్కడి నుంచి రక్తంలోకి నెమ్మదిగా వస్తుంది కాబట్టి డయాలసిస్‌కు టైమ్ కావాలి. చివరి అరగంట ముందే మెషీన్ ఆపమని అడిగే అలవాటుంటే మాన్పించండి.

నిజం చెప్పాలంటే, ఫాస్ఫరస్ అంకె కన్నా ఆయన చిక్కిపోవడమే నాకు ఎక్కువ కలవరంగా ఉంది. డయాలసిస్‌లో ప్రొటీన్ కొంత పోతుంది. అందుకే ఈ దశలో కిలో బరువుకు రోజూ 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. అన్నీ ఒకేసారి ఆపేస్తే కండ కరిగిపోతుంది, ఇన్ఫెక్షన్లు తేలిగ్గా పట్టుకుంటాయి. గుడ్డులో పచ్చసొన తీసేసి తెల్లసొన పెట్టండి. ఒక తెల్లసొనలో మూడున్నర గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ఫాస్ఫరస్ మాత్రం 5 మిల్లీగ్రాముల దాకానే. మాంసాన్ని ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండితే ఫాస్ఫరస్ కొంత తగ్గుతుంది. పప్పుల్లోని ఫాస్ఫరస్ చాలావరకు ఫైటేట్ రూపంలో ఉంటుంది, దాన్ని విడగొట్టే శక్తి మన పేగులకు అంతగా లేదు. కాబట్టి వాటికీ పూర్తిగా దూరం కానక్కర్లేదు. పొటాషియం రిపోర్టు చూసుకుని ఎంత పెట్టాలో డైటీషియన్ చెబుతారు.

నిర్దయగా ఆపేయాల్సింది ప్యాకెట్ తిండిని. నిల్వ ఉండటానికి, మెత్తదనానికి వాటిలో కలిపే ఫాస్ఫేట్ లవణాలు దాదాపు మొత్తం ఒంట్లోకి వెళ్లిపోతాయి. నల్లటి కోలా డ్రింకులు, ప్రాసెస్ చేసిన మాంసం, చీజ్, ఇన్‌స్టంట్ మిక్స్‌లు ఇలాంటివే. ప్యాకెట్ మీద పోషకాల పట్టికలో ఫాస్ఫరస్ చాలాసార్లు కనిపించదు. పదార్థాల జాబితాలో ఎక్కడైనా ‘ఫాస్ఫేట్’, ‘ఫాస్ఫారిక్’ అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే పక్కన పెట్టేయండి.

ఇంకొక్క విషయం. మెడలోని చిన్న గ్రంథుల నుంచి వచ్చే పారాథైరాయిడ్ హార్మోన్ (పీటీహెచ్) బాగా పెరిగితే ఎముకే కరిగి ఫాస్ఫరస్‌ను రక్తంలోకి వదులుతుంది. అప్పుడు ఎంత కడుపు మాడ్చుకున్నా అంకె దిగదు. కాల్షియం, పీటీహెచ్, విటమిన్ డి పరీక్షల గురించి మీ నెఫ్రాలజిస్టును అడగండి. క్యాల్సిట్రయాల్ లాంటి విటమిన్ డి మందులు వాడుతుంటే ఆ మాట కూడా చెప్పండి, అవీ ఫాస్ఫరస్‌ను పెంచుతాయి. మామూలుగా ఫాస్ఫరస్ 2.5 నుంచి 4.5 మధ్య ఉండాలి. డయాలసిస్ వాళ్లలో అంత కచ్చితంగా తేవడం కష్టం, దాని దగ్గరికి తేవడమే మా ప్రయత్నం. ఫాస్ఫరస్ ఎక్కువగా ఉంటే రక్తనాళాల గోడల్లో కాల్షియం పేరుకుని గుండెకు ముప్పు వస్తుందనే ఇంత పట్టుబడతాం. అలాగని 2.5 కన్నా కిందికి పడిపోయినా మంచిది కాదు, నీరసం, కండరాల బలహీనత వస్తాయి. అప్పుడు డాక్టరే మాత్రలు తగ్గిస్తారు.

దురదకు ఫాస్ఫరస్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. పొడి చర్మం, డయాలసిస్ చాలకపోవడం కూడా కారణాలే. దానికి విడిగా మందులున్నాయి, ఫాస్ఫరస్ దిగేదాకా ఓర్చుకోమనకండి. సెవెలమర్‌తో కొందరికి మలబద్ధకం వస్తుంది. అలా వస్తే మందుల షాపులో అడిగి విరేచనాల మందు గానీ ఎనిమా గానీ తెచ్చుకోకండి, వాటిలో కొన్ని సోడియం ఫాస్ఫేట్‌తోనే తయారవుతాయి. డయాలసిస్‌కు వెళ్లినప్పుడు డాక్టర్‌కి చెప్పి రాయించుకోండి.