భూమి జోన్ మారేటప్పుడు ఓటు ఎవరిది? మా కాలనీలో రెండుసార్లు జరిగినది

మహబూబ్‌నగర్ నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది: పట్టణ మాస్టర్ ప్లాన్‌లో వ్యవసాయ జోన్‌గా ఉన్న భూమిని వాణిజ్య జోన్‌గానో పరిశ్రమల జోన్‌గానో మార్చాలంటే కౌన్సిల్ తీర్మానం, ప్రభుత్వ ఉత్తర్వు ఉంటే చాలా, లేక అక్కడ నివసించేవారు నేరుగా ఓటు వేసి ఒప్పుకోవాలా? ఓటు ఉండాలనే నేను అంటాను. అయితే ఏ మార్పుకు ఓటు, ఎవరికి ఓటు అన్నవి ముందు తేలకపోతే, ఇప్పుడు ఒకరి మీద పడుతున్న భారం మరొకరి మీదికి మారుతుందే తప్ప తగ్గదు. మా కాలనీలో జరిగిన రెండు సంగతులు దగ్గరుండి చూశాను గనుక ఈ మాట చెప్పగలుగుతున్నాను.

మాది ఉమ్మడి నల్గొండ జిల్లాలో, సాగర్ ఎడమ కాల్వ నీళ్లతో పెరిగిన ఒక చిన్న పట్టణం. ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. ఊరి చివర సుమారు నూట అరవై ఇళ్లున్న కాలనీలో ఉంటున్నాం. కాలనీకి తూర్పున ఆనుకొని ఏడెకరాల తరి పొలం ఉండేది. దాని యజమాని హైదరాబాద్‌లో ఉండేవారు, కౌలుదారు రెండు కార్లు వరి వేసేవాడు. ఒక ఏడాది ఆ పొలాన్ని పరిశ్రమల జోన్‌లోకి మార్చి అక్కడ ఉప్పుడు బియ్యం మిల్లు కట్టడానికి దరఖాస్తు పడింది. ప్రకటన ఒక దినపత్రిక జిల్లా పేజీలో వచ్చింది. అందులో సర్వే నంబర్లు, విస్తీర్ణం, హద్దులు తప్ప ఇంకేమీ లేవు. అభ్యంతరాలకు పదిహేను రోజుల గడువు ఇచ్చారు. సర్వే నంబరు చూసి అది తమ ఇంటి వెనకాలి పొలమని గుర్తుపట్టగలిగినవారు మా కాలనీ మొత్తంలో ఒక్కరే, పదవీ విరమణ చేసిన ఒక రెవెన్యూ ఉద్యోగి. ఆయన కంట పడేసరికి పదకొండు రోజులు గడిచిపోయాయి.

మిల్లు వస్తే ఏమవుతుందో మా ప్రాంతంలో వేరే చెప్పనక్కర లేదు. ఉప్పుడు బియ్యానికి వడ్లు నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. నానిన నీరు పులిసి బయటికి వస్తుంది. బాయిలర్ కింద ఊక కాలుస్తారు, కాలిన ఊక బరువులో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది. ఆ బూడిదను సరిగ్గా పట్టి ఉంచకపోతే మేడల మీద, ఆరేసిన బట్టల మీద, వంటింటి గిన్నెల మీద నల్లగా పేరుకుంటుంది. మిల్లులు లేకపోతే మా రైతు వడ్లకు గిరాకీ ఉండదన్నదీ అంతే నిజం, అందుకే మాలో ఎవరూ మిల్లులకు శత్రువులు కారు. నూట అరవై ఇళ్ల పక్కనే ఎందుకన్నదే మా ప్రశ్న.

మిగిలిన నాలుగు రోజుల్లో ఉత్త సంతకాలు సేకరించడం కంటే ఓటు పెడితే బలంగా ఉంటుందని నేనే సలహా ఇచ్చాను. గుడి ముందు మండపంలో డబ్బా పెట్టి, ఇంటికొక చీటీ చొప్పున రహస్యంగా వేయించాం. మొత్తం 131 చీటీలు పడ్డాయి. 118 మంది వద్దన్నారు, 13 మంది సరేనన్నారు. ఆ లెక్కను అభ్యంతర పత్రానికి జతచేసి కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాం. సమాధానం ఏదీ రాలేదు. కొన్ని నెలల తర్వాత అనుమతి మాత్రం వచ్చింది, ఒక మార్పుతో: బాయిలరు, నానబెట్టే తొట్లు మా గోడ పక్కన కాకుండా స్థలానికి తూర్పు చివర, కాల్వ వైపు కట్టాలని. సగం గెలిచామనుకొని ఊపిరి పీల్చుకున్నాం.

కాల్వ అవతల ఒక తండా ఉంది. అది మా మున్సిపాలిటీలోకి రాదు, వేరే గ్రామ పంచాయతీ కిందికి వస్తుంది. మిల్లు నడవడం మొదలైన రెండో సీజనులో, మా వీధిలో ఇళ్లలో పనిచేసే ఒక లంబాడీ మహిళ నన్ను నిలబెట్టి అడిగింది: "సారూ, మీరంతా చీటీలు వేసిన్రు గదా, మమ్ముల ఎందుకు పిలువలేదు?" నా దగ్గర జవాబు లేదు. మా ఓటు బూడిదను ఆపలేదు, వాళ్ల ఇళ్ల మీదికి తోసింది. తర్వాత తండాకు వెళ్లి కూర్చొని మాట్లాడితే ఇంకో సంగతి తెలిసింది. వారిలో చాలామందికి మిల్లులో హమాలీ పని దొరికింది, మిల్లు అసలే వద్దని వాళ్లు అనరు. బూడిద గది కట్టాలని, వాడిన నీరు కాల్వలో కలవకూడదని మాత్రం గట్టిగా అడిగి ఉండేవారు. ఆ షరతులు మా చీటీ మీద లేనే లేవు, ఎందుకంటే చీటీ రాసింది మేము. పైగా ఇంటికొక చీటీ అన్నాం గనుక ఎక్కువ ఇళ్లలో మగవాళ్లే వేశారు, అద్దెకున్న కుటుంబాలను లెక్కలోకే తీసుకోలేదు. పొలం పోగొట్టుకున్న కౌలుదారును పిలవాలని ఎవరికీ తట్టలేదు. నేను పెట్టించిన ఓటు కాబట్టి ఆ తప్పు నాదే.

రెండో సంగతి మరీ బాధాకరమైనది. కొన్నేళ్లకు కాలనీకి ఉత్తరాన ఉన్న సర్కారు స్థలంలో ఎస్సీ బాలికలకు వసతి గృహం కడతారని తెలిసింది. వెంటనే నలుగురైదుగురు మా ఇంటికి వచ్చి, మళ్లీ డబ్బా పెడదామన్నారు. నీళ్లు చాలవని, దారి ఇరుకని పైకి చెప్పారు. గొంతు తగ్గించి చెప్పిన కారణాలు వేరే ఉన్నాయి, వాటిని ఇక్కడ రాయను. ఓటు పెట్టి ఉంటే పదింట ఎనిమిది చీటీలు వద్దనే పడేవని నాకు తెలుసు. నేను ఒప్పుకోలేదు, కొందరు నాతో మాటలు మానేశారు. వసతి గృహం వచ్చింది. ఆ పిల్లలు రోజూ మా వీధిలోంచే బడికి వెళ్తారు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. గాలిని, నీటిని, ఉమ్మడి స్థలాన్ని మార్చే నిర్ణయానికి నివాసుల ఓటు ఉండాలి. పక్కన ఎవరు ఉండవచ్చు, ఎవరు ఉండకూడదు అన్నదాన్ని ఎన్నడూ ఓటుకు పెట్టకూడదు. చెరువు శిఖం, అంటే చెరువు నిండినప్పుడు మునిగే భూమి, కూడా ఓటుకు పెట్టదగినది కాదు. ఊరంతా చేతులెత్తినా అది నీళ్లు నిలిచే చోటే, వానాకాలంలో నీళ్లు అక్కడికే వస్తాయి. ఇక ఇంటి ముందు గదిని దుకాణంగా మార్చుకోవడం వంటి చిన్న విషయాలకు ఓటు అనవసరం. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో స్థానిక భూ వినియోగ ప్రణాళికలో మార్పులన్నింటినీ ఓటర్ల ముందు పెట్టాలన్న ప్రతిపాదన 2010 నవంబరులో ప్రజల ఓటుకు వస్తే, ఓటు వేసిన వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది దాన్ని తిరస్కరించారు. ప్రతి చిన్న మార్పుకూ ఎన్నిక పెట్టడం కుదరదని అక్కడి ప్రత్యర్థులు చేసిన వాదనలో కొంత న్యాయం ఉంది.

మన దేశంలో ఇటువంటి ఓటు జరగనే లేదనుకోవద్దు. 2008 సెప్టెంబరులో మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లాలో ప్రత్యేక ఆర్థిక మండలికి భూములివ్వడంపై 22 గ్రామాల రైతుల చేత జిల్లా యంత్రాంగమే ఓటు వేయించింది. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు చెప్పగా, పన్నెండు గ్రామసభలూ వద్దన్నాయి. అదే ఏడాది వచ్చిన భూసేకరణ చట్టం ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకుంటే 80 శాతం మంది, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యం కోసమైతే 70 శాతం మంది సమ్మతించాలని చెప్పింది. అయితే ఆ సమ్మతి భూమి పోయే కుటుంబాలదే, పక్కనుండి పొగ పీల్చేవారిది కాదు. మన కామారెడ్డిలో ముసాయిదా మాస్టర్ ప్లాన్ తమ పొలాలను పరిశ్రమల జోన్‌లో చూపించిందని రైతులు రోడ్డెక్కిన తర్వాతే, 2023 జనవరిలో కౌన్సిల్ దాన్ని రద్దు చేస్తూ తీర్మానించింది. అడగాల్సిన సమయంలో అడిగి ఉంటే అంతదాకా వచ్చేది కాదు.

మీ పట్టణంలో ముసాయిదా ఇప్పటికే బయటికి వచ్చి ఉంటే, ఓటు హక్కు కోసం ఎదురుచూడకుండా చేయగలిగిన పని ఒకటుంది. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం కింద ప్రతి వార్డుకూ యువజనులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు, ఒక్కొక్కదానిలో పదిహేను మంది, ఉండాలి. ఆ కమిటీలను పటం ముందు పెట్టుకొని కూర్చోబెట్టమని మీ కౌన్సిలర్‌ను రాతపూర్వకంగా అడగండి. సర్వే నంబర్లను వీధుల పేర్లతో, బావులు, కుంటల పేర్లతో కలిపి ఒక కాగితం మీద రాసి ఇంటింటికీ పంచండి. అద్దెకున్నవారిని, కౌలుదారులను, మున్సిపల్ హద్దుకు అవతలి పల్లెవారిని పిలవండి, ఇంటికొకరు చొప్పున కాకుండా మనిషికొక మాట చొప్పున వినండి. వచ్చిన అభ్యంతరాలను గడువులోగా ఇచ్చి రసీదు దాచుకోండి.

పోయిన ఏడాది మా వైపు చెత్త డంపింగ్ యార్డు పెడతారన్న మాట వచ్చినప్పుడు, మేము మొదటి సమావేశం గుడి మండపంలో పెట్టలేదు. కాల్వ దాటి తండాకు వెళ్లి అక్కడి వేపచెట్టు కింద కూర్చున్నాం. ముందుగా మాట్లాడింది నన్ను ఆనాడు నిలబెట్టి అడిగిన ఆ మహిళే.