సమాధానం: 12వ వారంలో స్కోర్లు పెరిగినట్టు ఎందుకు కనిపిస్తున్నాయంటే

ముదిరిన జబ్బుతో ఉన్న రోగుల మీద మీరు చేసిన అధ్యయనంలో, రోగులే చెప్పిన జవాబులతో వేసిన స్కోర్ల సగటు 12వ వారానికి ఎందుకు పెరిగిందని అడిగారు. బాగా నీరసించినవాళ్లు లెక్కలోంచి జారిపోయారు, అందుకే సగటు పెరిగింది. 60 మందితో మొదలుపెడితే 31 మందే మిగిలారన్నారు కదా, ఒకే మనిషి మొదటి స్కోరునూ తర్వాతి స్కోరునూ పోల్చే పెయిర్డ్ టి టెస్ట్ ఆ 31 మందినే చూస్తుంది.

1. ఎక్సెల్‌లో ఖాళీ గడులన్నీ వేరు చేయండి.

2. ప్రతి ఖాళీకీ తేదీ, కారణం రాయండి. చనిపోయారా, జబ్బు ముదిరి జవాబు చెప్పలేకపోయారా, ఊరు మారడం లాంటి వేరే కారణమా? జీవితపు చివరి దశ రోగుల మీద పరిశోధన ఎలా చేయాలో చెప్పే 2013 నాటి మోర్‌కేర్ (MORECare) మార్గదర్శకాలు అడిగే మూడు రకాలు ఇవే. చాలామంది ‘లాస్ట్ టు ఫాలో అప్’ (తర్వాత అందుబాటులో లేరు) అని రాసి వదిలేసేది ఇక్కడే. కేస్ షీట్‌లో లేకపోతే హోమ్ కేర్ నర్సు రిజిస్టర్ చూడండి. ‘మాట్లాడే ఓపిక లేదు, కూతురు చెప్పింది’ లాంటి లైన్లు అందులో ఉంటాయి. (కూతురి జవాబును రోగి జవాబుల్లో కలపకండి.) రిజిస్టర్ చూడటానికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందో లేదో ముందే చూసుకోండి.

3. చనిపోయినవారికి స్కోరు ఊహించి నింపొద్దు. పాత స్కోరునే మళ్లీ వేయడం ఇంకా తప్పు, దిగజారుతున్న మనిషి నిలకడగా ఉన్నట్టు కనిపిస్తాడు. కొన్ని వారాల స్కోర్లు లేకపోయినా, ఉన్న స్కోర్లన్నిటినీ వాడుకునే మిక్స్‌డ్ మోడల్ అనే పద్ధతి గురించి మీ స్టాటిస్టీషియన్‌ని అడగండి.

4. ఎంతమంది చేరారు, ఎంతమంది మిగిలారు అని చూపే ఫ్లో చార్ట్‌లో మరణాలు విడిగా చూపించండి. 2010 బోస్టన్ ఊపిరితిత్తుల క్యాన్సర్ ట్రయల్‌లో 151 మందిలో 27 మంది 12 వారాల్లోపే చనిపోయారని, మిగతావారిలో 107 మంది ప్రశ్నావళి పూర్తిచేశారని స్పష్టంగా రాశారు.